తరుగు

నాంచారమ్మ ఆటో తోసుకుంటూ వచ్చింది.
స్క్రూబ్రిడ్జి దగ్గర దగ్గిందట, రెండుసార్లు తుమ్మిందట,
ఇక కదలనందట.
వెనక సీట్లో గోనెడు బీరకాయలు,
వాటి సొంతదారు ఎప్పుడో వేరే ఆటో ఎక్కి పోయాడు.

ఆటోనగర్ మూడో క్రాసు. మా షెడ్డు రేకులు
ఎండకు సాగి టక్కుమంటున్నాయి.
ప్లగ్గు విప్పి ఆమె అరచేతిలో పెట్టాను.
"కాలుద్దిరా!" అంది, కింద పెట్టలేదు.

"కొన చూడమ్మా. కొత్తలో అంచు కొత్త రూపాయి బిళ్ళలా ఉంటది.
రవ్వకి అంచంటేనే ఇష్టం.
గుండ్రంగా అరిగిన చోటునించి దూకమంటే బద్ధకిస్తది."
ఏడో నంబరు ఆకు బిగుతుగా దూరాల్సిన సందులో
పన్నెండో నంబరు ఆకు వదులుగా ఊగింది.

గ్యాసు మంట పొడి మంట.
అందులో రవ్వ పుట్టాలంటే
కరెంటు భుజమిచ్చి గట్టిగా నెట్టాలి.
నెట్టిన ప్రతిసారీ
నికెల్ ముక్కలోంచి కంటికి ఆనని ఒక నలుసు
ఊడి, కాలి, సైలెన్సర్లోంచి వెళ్ళిపోద్ది.
కృష్ణలంకనించి బెంజిసర్కిల్ దాకా
ఆమె ఎన్ని వేల నలుసులు పోసుకుంటూ తిరిగిందో.

"ఇంకో రకం ఉంది," అన్నాను, డబ్బా తెరిచి.
"నడుమ కొనకి ఇరీడియం, ఎదురు కొక్కేనికి ప్లాటినం బిళ్ళ.
చీపురుపుల్ల మొనంత ఉంటది, అంతే.
లేజరుతో అతికిస్తారు. దీనికి అరుగు తక్కువ."

"ఎంత?"

చెప్పాను.
ఆమె బీరకాయల వంక చూసింది.

అప్పుడు మూల బల్ల మీదనించి
మా నాన్న చెయ్యి చాపాడు.

వన్‌టౌన్‌లో నలభై ఏళ్ళు కుంపటి ముందు కూర్చున్నవాడు
కాళహస్తాచారి.
కాసుల పేర్లు, వంకీలు, ముక్కెరలు,
ఊదుగొట్టంతో ఊది ఊది బుగ్గలు సంచులైనవాడు.
అచ్చులో పోసిన నగలొచ్చాక కుంపటి ఆరింది.
ఇప్పుడు నా షెడ్డులో నట్లు ఏరిపెడతాడు, సైజు తప్పకుండా.

కంటద్దం కంటికి నొక్కి, ప్లగ్గు దగ్గరికి లాక్కుని,
చాలాసేపు చూశాడు.
"టంకం ఏదిరా?" అన్నాడు.
"టంకం లేదు నాన్నా, వెలుతురుతోనే అతుకు."
"అబద్ధాలు," అన్నాడు. మళ్ళీ చూశాడు.
"నిజంగానే లేదు," అన్నాడు.

పాత త్రాసు ఆయన దగ్గర ఇంకా ఉంది.
ముందెప్పుడో సెరామిక్ చిట్లిన ఒక ప్లగ్గునించి
నేను విరిచి దాచిన కొనను
ఒక తట్టలో వేశాడు, గురిగింజ మరోదాంట్లో.
త్రాసు గురిగింజ వైపే కూర్చుంది, లేవలేదు.
నాంచారమ్మ పకపకా నవ్వింది.
"ఇంతోటిదానికా అంత డబ్బు!"

నాన్న నవ్వలేదు.
"జీవితమంతా తరుగు కట్టించుకున్నా,
తరుగు మింగాననీ అనిపించుకున్నా.
ఆకురాయి పొడి, ఊడ్చిన మట్టి, కాలవలో కడిగిన నీళ్ళు,
అన్నిట్లో వెతికితే సగం దొరికేది.
మిగతా సగం ఎటు పోయేదో ఇప్పటిదాకా నాకే తెలీదు."

ఆ మిగతా సగంలో ఆయన వేళ్ళు కూడా ఉన్నాయి.
రేషను మిషను ఆయన బొటనవేలిని గుర్తుపట్టదు.
గీతలు లేవు.
తుడిచి పెట్టమంటాడు డీలరు,
ఇంకో వేలు పెట్టమంటాడు,
చివరికి నన్ను రమ్మంటాడు.

"దీనికి మాత్రం ఆకురాయి పెట్టకూడదు నాన్నా,
గరుకు కాయితం కూడా. పైపూత పోద్ది, మొన విరిగిద్ది.
మసి పడితే మెల్లగా ఊదడమే."

"ఊదడమే?" అన్నాడు,
బుగ్గలు ఒకసారి నిండాయి.

నాంచారమ్మ చివరికి మామూలు నికెల్‌దే వేయించుకుంది.
సందు నేను సరిచేశాను.
కిక్కు కొట్టగానే బండి అందుకుంది.
సగం బీరకాయలు మాకు దించి,
"ఆ మొనగాడిని దాచిపెట్టు, దసరా గిరాకీ అయ్యాక వస్తా," అని
పొగలో కలిసిపోయింది.

నాన్న త్రాసు మూయలేదు.
సాయంత్రం దాకా ఆ తట్టలో
కంటికి ఆనీ ఆనని ఆ ముక్క,
పక్కన లారీ హారన్ మోగినప్పుడల్లా
కొంచెం వణుకుతూ.